ఇంటి ముందు పొట్టి కంచె: ఏ మొక్క పెట్టాలి, ఎంత దూరంలో నాటాలి, ఎప్పుడు కత్తిరించాలి

గేటు నుంచి గుమ్మం దాకా దారి పక్కన, గడ్డి పరిచిన జాగా అంచున, వరండా ముందు మోకాలెత్తున ఏడాదంతా పచ్చగా ఉండే హెడ్జ్ కావాలని చాలామంది అడుగుతున్నారు. ఈ మార్గదర్శి ఆంధ్ర, తెలంగాణ మైదాన ప్రాంతాల ఇళ్లకు రాసినది. ఎత్తు అడుగు నుంచి రెండున్నర అడుగుల లోపు. బయటివాళ్లకు ఇల్లు కనపడకుండా కట్టే ఆరడుగుల పచ్చగోడ సంగతి వేరు, దానికి ఇందులో చెప్పినవి పనికిరావు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. కంచె ఎత్తును కత్తెరతో తెచ్చుకోకూడదు, మొక్క జాతితో తెచ్చుకోవాలి. పదడుగులు పెరిగే స్వభావం ఉన్న మొక్కను అడుగున్నర దగ్గర ఆపాలంటే నెలనెలా మాలికి కూలి ఇవ్వాలి. రెండు మూడేళ్లకు పైన పలచటి ఆకుపొర, లోపల ఎండుపుల్లలు మిగులుతాయి. నర్సరీలో చౌకగా, త్వరగా పెరిగేదిగా చూపించే మొక్క చాలాసార్లు ఇదే కోవకు చెందినదై ఉంటుంది.

## 1. నర్సరీకి వెళ్లే ముందు కొలతలు

టేపు, నాలుగు మేకులు, పురికొస తీసుకుని కంచె రావాల్సిన చోట తాడు కట్టండి. ఒక రోజంతా అలాగే ఉంచి, గేటు తెరిచేటప్పుడు, బండి తిప్పేటప్పుడు అడ్డొస్తుందేమో చూడండి.

కంచె వెడల్పును చాలామంది లెక్కలోకి తీసుకోరు. అడుగున్నర ఎత్తు కంచె బాగా గుబురు కట్టాక కనీసం అడుగు వెడల్పు ఉంటుంది. అంటే మొక్కల వరస దారి అంచు నుంచి ముప్పావు అడుగు లోపలికి ఉండాలి. కాంపౌండ్ గోడ పక్కనైతే గోడకూ వరసకూ మధ్య అడుగున్నర నుంచి రెండడుగులు వదలండి. లేకపోతే వెనక వైపు కత్తిరించడానికి మనిషి పట్టడు, ఆ వైపు ఎండా తగలదు.

మొక్కల లెక్క సులువు: పొడవును మొక్కల మధ్య దూరంతో భాగించి ఒకటి కలపండి. 20 అడుగుల వరసకు అడుగు దూరమైతే 21 మొక్కలు. వీటికి తోడు అదే బ్యాచ్‌లో రెండు మూడు ఎక్కువ కొని కుండీల్లో పెంచండి. తర్వాత ఖాళీ పడితే అదే రంగు, అదే ఈడు మొక్క బయట దొరకదు.

## 2. మీ జాగా ఎలాంటిది?

మొక్క పేరు అడిగే ముందు ఈ నాలుగింటికీ జవాబు రాసుకోండి.

ఎండ. నేరుగా ఎన్ని గంటలు పడుతుంది? ఆరు గంటలు దాటితే అన్నీ బతుకుతాయి. మూడు నాలుగు గంటలే అయితే ఎంపిక సగానికి తగ్గిపోతుంది.

మట్టి. హైదరాబాద్ చుట్టుపక్కల పలచటి ఎర్రమట్టి కింద మొరం, రాయి తగులుతాయి. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి వానకు బురద, ఎండకు బీటలు. కొత్త ఇంటికైతే ఇంకో చిక్కు ఉంది. గోడ వెంబడి తవ్వితే ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు, సున్నం బయటపడతాయి. అవి మట్టిని క్షారం వైపు తోస్తాయి. గోడ పక్క నూరువరహాలు పాలిపోయి కుంగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

నీరు. బోరు నీళ్లతో బకెట్ల అడుగున తెల్లటి పొర కడుతోందా? అయితే ఉప్పు, సున్నం ఎక్కువని అర్థం. దాన్ని తట్టుకునే మొక్కలే తీసుకోవాలి.

ఇంటి మనుషులు. పసిపిల్లలు, కుక్కలు, ఆవులు ఉంటే విషపు కాయలు, పాలు కారే మొక్కలు వద్దు. పూజకు రోజూ పూలు కావాలనే పెద్దవాళ్లు ఉంటే అది కూడా ముందే తేల్చుకోండి. చదునుగా కత్తిరించే కంచెకూ పూలకూ పడదు.

నీరు ఇంకే తీరు తెలుసుకోవడానికి అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ పోసి చూడండి. మర్నాటికి కూడా నీరు నిలిచి ఉంటే ఆ చోట నాటడానికి కందకం కాదు, ఎత్తుగా పోసిన మట్టిగట్టు కావాలి (ఆరో భాగం చూడండి).

## 3. మొక్క ఎంపిక

మాల్పీజియా. మెరిసే చిన్న ఆకులు, అంచుల్లో చిన్న ముళ్లు, అప్పుడప్పుడు లేత గులాబీ పూలు. దాని సొంత ఎత్తే రెండు మూడు అడుగులు. నిదానంగా పెరుగుతుంది కాబట్టి ఏడాదికి మూడు నాలుగు కత్తిరింపులు సరిపోతాయి. సగం నీడనూ ఓర్చుకుంటుంది. అమెరికాలో పిల్లల ఇళ్ల ముందు బాక్స్‌వుడ్ కంచె చూసి వచ్చినవాళ్లు ఇక్కడా అదే కావాలంటారు. మన వేసవికి బాక్స్‌వుడ్ నిలవదు, ఆ రూపం కావాలంటే మాల్పీజియాయే దారి. వరస కలవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఓపిక ఉంటే నా మొదటి ఓటు దీనికే. దూరం: 9 అంగుళాలు.

పొట్టి నూరువరహాలు. నర్సరీల్లో మినీ ఇక్సోరా అంటారు. రెండు మూడు అడుగులు పెరుగుతుంది, ఎరుపు, పసుపు, గులాబీ గుత్తులు. కాస్త ఆమ్ల గుణం ఉన్న ఎర్రనేలల్లో హాయిగా ఉంటుంది. నల్లరేగడిలో, సున్నపు నీళ్లలో ఇనుము అందక లేత ఆకులు పాలిపోతాయి. పూలు కొమ్మల కొసలకే వస్తాయి కనుక నెలనెలా చదునుగా కత్తిరిస్తే పూలుండవు. ఒక విడత పూసి వాడిపోయాక గుత్తుల కింద తుంచుతూ ఉంటే ఆకారమూ నిలుస్తుంది, మళ్లీ పూస్తుంది. దూరం: అడుగు.

కొనేటప్పుడు పెద్దాకు నూరువరహాలను మినీ అని అంటగట్టకుండా చూసుకోండి. పొట్టి రకం ఆకు చిన్నది, కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండు కణుపుల మధ్య బొటనవేలు పట్టేంత ఎడం ఉంటే అనుమానించాల్సిందే.

గోల్డెన్ డురాంటా. మున్సిపాలిటీ డివైడర్ల మీద కనిపించే పసుపుపచ్చ కంచె. చౌక, మొండి, ఆరు నెలల్లో వరస కలిసిపోతుంది. కానీ వదిలేస్తే నిలువెత్తు దాటుతుంది, వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి కత్తెర పడాలి. నీడలో ఆ బంగారు రంగు పోయి మామూలు ఆకుపచ్చ అవుతుంది. కాయలు విషం. తరచూ కత్తిరిస్తే కాయలు రావు, కత్తిరించడం మానేసిన చోట వస్తాయి. ఇంట్లో కత్తెర పట్టే మనిషి ఉంటేనే దీని జోలికి వెళ్లండి. దూరం: అడుగు.

కామిని. సన్నాకు, తెల్లపూలు, రాత్రివేళ వాసన. చిన్నాకు రకాన్ని మినీ కామిని అని అమ్ముతారు. రెండున్నర అడుగుల కంచెకు మంచిది, అడుగున్నరకు వద్దు. ఇది చిన్న చెట్టుగా ఎదిగే జాతి. సగం నీడ ఫరవాలేదు. పెరట్లో నిమ్మ, బత్తాయి, నారింజ ఉంటే మాత్రం కామిని పెట్టకండి. ఆ జాతులకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకు కామిని లేత చిగురు ఇష్టమైన నెలవు. దూరం: అడుగుంబావు నుంచి అడుగున్నర.

కుఫియా. అడుగు ఎత్తు అంచుకు, ఊదా రంగు చిన్న పూలతో. నీళ్లు తప్పితే మే నెలలో మాడిపోతుంది. రోజూ తడి ఇవ్వగలిగిన చోటే పెట్టండి. దూరం: 9 అంగుళాలు.

క్లెరోడెండ్రమ్ ఇనర్మె. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి, ఉప్పునీరు ఉన్న చోట ముందు గుర్తు చేసుకోవాల్సినది ఇదే. సముద్రతీరాల్లో సహజంగా పెరిగే పొద ఇది. వేగంగా ఎదుగుతుంది కాబట్టి కత్తెర పని డురాంటాతో సమానం. దూరం: అడుగు.

ఇక ఎన్నుకునే పద్ధతి:

- మూడు నాలుగు గంటల ఎండే ఉంటే: మాల్పీజియా, మినీ కామిని
- ఎర్రనేల, మంచినీరు, పూలు కావాలి: పొట్టి నూరువరహాలు
- నల్లరేగడి లేదా సున్నపు నీరు: నూరువరహాలు తప్పించి మిగిలినవి, అవీ గట్టు మీద
- సముద్రపు గాలి: క్లెరోడెండ్రమ్ ఇనర్మె
- త్వరగా కావాలి, మాలి ఉన్నాడు, పసిపిల్లలు లేరు: డురాంటా

ఒకే వరసలో రెండు జాతులు కలపకండి. పెరిగే వేగం తేడా వల్ల ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. రంగు తేడా కావాలంటే ముందు కుఫియా, వెనక మాల్పీజియా అని రెండు వేర్వేరు వరసలుగా పెట్టుకోండి.

## 4. పొట్టి కంచెకు వద్దనేవి

గోరింట మంచి మొక్కే, కానీ ఎండాకాలం ఆకు రాల్చి పలచబడుతుంది, ఎత్తూ ఎక్కువే. పెరటి సరిహద్దుకు సరే, గుమ్మం ముందుకు కాదు. గన్నేరు మొత్తం విషమే. మర్రి, రావి కుటుంబపు ఫైకస్ జాతులు చిన్నప్పుడు ముద్దుగా ఉంటాయి, తర్వాత వేళ్లు గోడ పునాదిని, డ్రైనేజీ పైపులను వెతుక్కుంటాయి. తూజా లోపలి నుంచి ఎండితే ఆ చోట మళ్లీ చిగురించదు.

కోనోకార్పస్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అది చెట్టు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది.

## 5. నర్సరీలో ఏం చూడాలి

తూర్పుగోదావరి కడియం వైపు వెళ్లి కొన్నా, మీ ఊళ్లో రోడ్డు పక్కన కొన్నా పరీక్ష ఒకటే. మనం సాధారణంగా ఎత్తున్న మొక్కను ఏరుకుంటాం. కంచెకు అది తలకిందుల పద్ధతి. ఒంటి కాడతో రెండడుగులున్న మొక్క కంటే మొదట్లోంచి మూడు నాలుగు కొమ్మలు విచ్చిన ముప్పావు అడుగు మొక్క మేలు.

- మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా కదిపితే మట్టితో పాటు కదలాలి. మొక్క ఒక్కటే ఊగితే నిన్నో మొన్నో సంచి మార్చారని అర్థం.
- సంచి అడుగున లావుపాటి వేళ్లు చుట్లు తిరిగి బయటికి వచ్చి ఉంటే వద్దు.
- ఆకు వెనక తిప్పి చూడండి. దూదిలాంటి తెలుపు ఉంటే పిండినల్లి, కాడలకు అతుక్కున్న గోధుమ బొడిపెలు ఉంటే పొలుసు పురుగు. కాడ మీద చీమలు బారులు కట్టి తిరుగుతుంటే ఈ రెండింటిలో ఒకటి ఉన్నట్టే.
- సంచిలో తుంగ మొలిచి ఉందా? ఆ మొక్క ఎంత బాగున్నా వదిలేయండి. తుంగగడ్డ ఒక్కసారి మీ కంచెలో దిగితే ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి.
- అన్నీ ఒకే బ్యాచ్, ఒకే ఎత్తు.

తెచ్చిన రోజే నాటకండి. వారం రోజులు సగం నీడలో ఉంచి, నీళ్లు పెట్టి, మీ ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి.

## 6. కాలం, కందకం

తెలంగాణ, ఉత్తర, మధ్య కోస్తాల్లో తొలి మంచి వానలు పడ్డాక జూన్ చివర నుంచి ఆగస్టు దాకా నాటవచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు అనుకూలం. నీటి వసతి ఉంటే చలికాలమూ పరవాలేదు. మార్చి నుంచి మే దాకా మాత్రం వాయిదా వేయండి.

విడివిడి గుంతలు తీయడం కంటే వరస పొడవునా ఒకే కందకం తవ్వడం మంచిది. వేళ్లు పక్కలకు సాగుతాయి, తడి సమంగా అందుతుంది. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు.

1. పై అడుగు మట్టి ఒక పక్కన, కింది మట్టి ఇంకో పక్కన పోయండి.
2. ఇటుక, సిమెంటు, సున్నం ముక్కలన్నీ ఏరి పారేయండి. గోడ పక్కన మరీ ఎక్కువగా ఉంటే ఆ మట్టి తీసేసి ఎర్రమట్టి తెప్పించండి.
3. మూడు తట్టల పై మట్టికి ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి.
4. మొక్కకు గుప్పెడు చొప్పున వేపపిండి కలపండి.
5. కందకం నింపి, నేలకంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా వదలండి. వారంలో అది దిగుతుంది.

నల్లరేగడిలో లోతుగా తవ్వితే వానాకాలం ఆ కందకమే తొట్టి అయి వేళ్లు కుళ్లుతాయి. అక్కడ ముప్పావు అడుగు మాత్రమే తవ్వి, ఎర్రమట్టి, ఎరువు కలిపి నేలకు అర అడుగు ఎత్తున గట్టు పోసుకోండి.

పచ్చి పేడ వేయవద్దని ఎన్నిసార్లు చెప్పినా వేసేవాళ్లు ఉన్నారు. అది వేరుపురుగును, చెదలను పిలుస్తుంది. ఎర్రనేలల్లో కంచెలు మొదటి ఏడాదే పోవడానికి అదొక దారి.

## 7. నాటే రోజు

సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి. ముందుగా తాడు లాగి కట్టి, దూరాలు కొలిచి ముగ్గుతో చుక్కలు పెట్టండి. కంటి అంచనాతో నాటిన వరస పెరిగాక వంకర చూపిస్తుంది.

నాటే ముందు ప్రతి సంచినీ బుడగలు ఆగేదాకా నీళ్ల తొట్టిలో ముంచండి. సంచుల్లోని ఒండ్రుమట్టి ముద్ద ఒకసారి ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. పక్కన ఎంత నీరు పోసినా లోపలికి దిగదు. చుట్టూ నేల తడిగా ఉండగానే మొక్క వాడిపోయి కారణం తెలియక తల పట్టుకునేది ఇక్కడే.

సంచిని బ్లేడుతో పక్కల నుంచి కోసి పూర్తిగా తీసేయండి. త్వరగా ముగించాలని సంచి అడుగు భాగం మాత్రం చింపి సంచితోనే పాతేసే పనివాళ్లుంటారు, దగ్గరుండి చూసుకోండి. వేళ్లు చుట్టుకుని ఉంటే మట్టి ముద్ద పక్కల్లో నిలువుగా మూడు గాట్లు పెట్టండి.

సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టానికి ఉండాలి. కాడను లోతుగా పూడిస్తే మొదలు కుళ్లుతుంది. మట్టిని అరచేతులతో అదిమి, వరస పొడవునా చిన్న కాలువ తీసి, నిండుగా నీరు వదలండి.

డురాంటా, క్లెరోడెండ్రమ్ అయితే ఆ రోజే పైనుంచి మూడోవంతు కత్తిరించండి. మనసొప్పదు, కానీ అడుగున కొమ్మలు విచ్చేది ఈ కోతతోనే. మాల్పీజియా, నూరువరహాలకు కొసలు తుంచితే చాలు.

## 8. మొదటి మూడు నెలలు

మొదటి రెండు వారాలు వాన లేని ప్రతి రోజూ నీరు. తర్వాత నెల రోజులు రోజు విడిచి రోజు. ఆ పైన వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. డ్రిప్ పెట్టగలిగితే 16 మిల్లీమీటర్ల పైపుకు అడుగుకో డ్రిప్పరు పెట్టండి. గొట్టంతో మొదళ్ల మీద ధారగా పోస్తే మట్టి కోసుకుపోయి వేళ్లు బయటపడతాయి.

వరిగడ్డి, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది రెండు అంగుళాల మందాన పరచండి. కాడకు తగలకుండా చుట్టూ కొంచెం ఎడం వదలండి. గుబురు కింద పాములు చేరతాయనే భయం ఉన్నవాళ్లు కంచె కలిశాక ఈ పొరను పలచగా చేసి, కింద రాలిన చెత్తను వారంవారం ఊడ్చేయండి. ఎలుకలకు దాక్కునే చోటు లేకపోతే పాముకు అక్కడ పని తగ్గుతుంది.

రసాయన ఎరువు మొదటి నెలన్నర వద్దు.

## 9. కత్తిరింపు

కంచె కోరుకున్న ఎత్తుకు వచ్చాక కత్తిరిద్దాం అనుకోవడం పెద్ద పొరపాటు. అప్పటికి అడుగు భాగం బోసిపోయి ఉంటుంది. నాలుగు అంగుళాల కొత్త చిగురు వచ్చినప్పుడల్లా అందులో సగం తీసేస్తూ, మెల్లగా ఎత్తుకు తీసుకురావాలి.

ఆకారం విషయంలో ఒక్క నియమం గుర్తుంచుకోండి: కింద వెడల్పు, పైన సన్నం. అడుగున 14 అంగుళాలుంటే పైన 10 ఉండాలి. పై భాగం కింది భాగానికి గొడుగు పడితే కింద ఆకులకు ఎండ అందదు, రాలిపోతాయి. నిటారు గోడలా కత్తిరించినా కొన్నాళ్లకు పై భాగమే ఉబ్బుతుంది, ఎందుకంటే చిగురు పైనే ఎక్కువ.

- రెండు చివర్లా కర్రలు పాతి, ఎత్తుకు తాడు కట్టి కత్తిరించండి.
- ముందు పక్కలు, కింది నుంచి పైకి. చివరన పైభాగం.
- కత్తెర పదునుగా ఉండాలి. నలిగిన కొసలు గోధుమరంగుకు మారి కంచె మొత్తం తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది.
- తీసిన కొమ్మలు కంచె మీద వదలకుండా దులపండి.
- గట్టి కోత జూన్, జూలైల్లో. ఏప్రిల్, మేలలో కొసలు తప్ప ముట్టుకోకండి. నీడలో పెరిగిన లోపలి ఆకు ఒక్కసారిగా ఎండకు తగిలి మాడుతుంది.

గట్టి కోత తర్వాత అడుగు పొడవుకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి నీరు పెట్టండి. వానలు తగ్గాక అక్టోబరులో మరోసారి వేస్తే చాలు.

## 10. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. నూరువరహాల్లో తరచూ కనిపించే ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం ఎడంతో రెండు మూడుసార్లు సాయంత్రం పిచికారీ చేయండి. గోడకూ నేలకూ తగిలితే తుప్పు మరకలు పడతాయి, అట్ట అడ్డం పెట్టుకోండి. నీరే సున్నపుదైతే పసుపు మళ్లీ వస్తుంది. వాన నీరు పట్టి పోయడమో, మొక్క జాతి మార్చడమో తప్పదు.

ముదురు ఆకులు పసుపు, రాలడం. ఎక్కువగా నీరు నిలవడం వల్ల. వరస పక్కన అర అడుగు లోతు కాలువ తీసి నీటిని బయటికి పంపండి.

ఆకుల మీద నల్లటి మసి. మసి అసలు జబ్బు కాదు, రసం పీల్చే పురుగుల తేనెబంక మీద పెరిగే బూజు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి ఆకు అడుగు తడిసేలా వారానికోసారి, మూడు వారాలు కొట్టండి. పొలుసు పురుగు మందంగా పట్టిన కొమ్మలను కోసి సంచిలో కట్టి పారేయండి. చీమల దారి కూడా మూయాలి, ఆ పురుగులను కాపాడేవి అవే.

అడుగు భాగం బోసి. డురాంటా, క్లెరోడెండ్రమ్, కామిని అయితే జూన్ చివర సగం ఎత్తుకు కోసేయండి, రెండు మూడు నెలల్లో కింది నుంచి చిగురిస్తాయి. నూరువరహాలకు అంత మొరటు కోత వద్దు. ఈ ఏడాది ఒక వైపు, వచ్చే ఏడాది రెండో వైపు.

మధ్యలో ఒక మొక్క పోయింది. కారణం చూడకుండా అక్కడే కొత్తది పెట్టకండి. పీకి వేళ్లు చూడండి. మెత్తగా, నల్లగా, వాసనగా ఉంటే కుళ్లు. కొరికినట్టుంటే వేరుపురుగు. ముద్దలోనే చుట్టుకుని ఉంటే నాటిన నాటి తప్పు. ఆ చోట అడుగు లోతు మట్టి తీసి కొత్తది నింపి, కుండీలో దాచిన మొక్కను పెట్టండి. పక్క మొక్కల వేళ్లు దాని నీరు లాగేసుకుంటాయి కాబట్టి, మొదటి రెండు నెలలు దానికి విడిగా చెంబుతో పోయాలి. రెండు వైపులా కంచెను అర అడుగు వెనక్కి కత్తిరిస్తే కొత్త మొక్కకు ఎండ అందుతుంది.